ఎపిడారస్ చూడాలంటే పల్లెలో దిగండి

గ్రీస్‌లో ఎపిడారస్ థియేటర్‌ని, అంటే ఆరుబయటి ప్రాచీన రాతి నాటకశాలని, చాలామంది ఏథెన్స్ నుంచి టూరు బస్సెక్కి, మైసీనీ శిథిలాలు, నాఫ్‌ప్లియో పట్టణంతో కలిపి ఒక్కరోజులో చుట్టేస్తారు. నన్నడిగితే అక్కడికి సుమారు 15 కి.మీ. దూరంలో ఉన్న పాలియా ఎపిడావ్రోస్ అనే పల్లెలో రెండు రాత్రులైనా ఉండాలి. చిన్న రేవు, వెనకంతా నారింజ తోటలు. నాఫ్‌ప్లియోలో షాపులు, సందడి ఎక్కువే గానీ పొద్దున్నే ఈతకు దిగే సుఖం ఇక్కడిదే. మేం దిగిన గది శుభ్రంగా ఉంది, బాల్కనీలోంచి పడవలు కనిపిస్తాయి. లిఫ్ట్ మాత్రం లేదు. పెద్దవాళ్లుంటే కింది అంతస్తే అడగండి. బీచ్‌లో ఇసుక తక్కువ, గులకరాళ్లు ఎక్కువ.

థియేటర్‌కి గేటు తెరిచే వేళకే చేరుకోండి, బస్సులు దిగాక అక్కడ ప్రశాంతత ఉండదు. క్రీ.పూ. 4వ శతాబ్దపు కట్టడం. కూర్చునే రాతి మెట్లు కింది భాగంలో 34 వరుసలు, పై భాగంలో 21. మా ఆవిడ మధ్యలోని రాయి మీద నిలబడి మామూలు గొంతుతో "పైన ఎండగా ఉందా?" అంటే చివరి వరుసలో ఉన్న నాకు ప్రతి అక్షరం వినిపించింది. నాణెం పడినా వినిపిస్తుందని గైడ్లు ఊరిస్తారు. నాకైతే వినిపించలేదు! పక్కనే వైద్య దేవుడు అస్క్లేపియస్ క్షేత్రం. రోగులు అక్కడ నిద్ర చేస్తే దేవుడు కలలోకి వచ్చి నయం చేస్తాడని నమ్మేవారు. ఇప్పుడు పునాదులే ఎక్కువ, మ్యూజియం చూశాకే అవి అర్థమవుతాయి. వేసవి వారాంతాల్లో థియేటర్‌లో నాటకాలు వేస్తారు. ఆ రోజుల్లో గదులు ముందే బుక్ చేసుకోవాలి.

మేం దిగిన ఊళ్లోనూ ఒక చిన్న ప్రాచీన థియేటర్ ఉంది, రాతి మెట్ల మీద పేర్లు చెక్కి ఉంటాయి. తోటల దారిన నడిచి వెళ్తే సముద్రంలో 'మునిగిన నగరం' వస్తుంది. నిజానికది నగరం కాదు, రోమన్ల కాలపు ఇల్లు. లోతు తక్కువే కాబట్టి స్నార్కెల్ (నీళ్లలో ఊపిరి తీసుకునే గొట్టం) కట్టుకుంటే గోడలు, పెద్ద పెద్ద కుండల అడుగులు స్పష్టంగా కనిపిస్తాయి. ఊళ్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

శాకాహారులకు ఇబ్బంది లేదు. ఫావా అంటే అచ్చం మన ముద్దపప్పే, పైన నెయ్యికి బదులు ఆలివ్ నూనె. టమాటాల్లో అన్నం కూరి వండే యెమిస్తాలో ఒక్కోచోట కీమా కలుపుతారు, అడిగి తీసుకోండి.

అసలు టెన్షన్ రవాణాతోనే. బస్సులు తక్కువ, కారుంటేనే హాయి. మేం ఆటోమేటిక్ గేర్ల కారు బుక్ చేసుకుంటే అద్దె సంస్థవాళ్లు మాన్యువల్ చేతిలో పెట్టారు. తీరం వెంట దారంతా కొండ మలుపులే, అలవాటు లేనివాళ్లు బండి రకం రాతపూర్వకంగా ఖాయం చేసుకోండి. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇండియాలోనే తీసుకుని వెళ్లాలి.