సర్వర్ షాపుల్లో పికాక్స్ కొనేవాళ్లకు జాగ్రత్త: డ్యూరబిలిటీ ఫుల్ అంటే కొత్తదని కాదు

మైన్‌క్రాఫ్ట్ గేమ్ సర్వైవల్ సర్వర్లలో తోటి ప్లేయర్ల షాపుల నుంచి ఎన్‌చాంట్ చేసిన (మాయాశక్తులు ఎక్కించిన) డైమండ్ పికాక్స్ (రాళ్లు తవ్వే పనిముట్టు) కొంటున్నారా? డ్యూరబిలిటీ (అరిగిపోయేలోపు ఎంత వాడొచ్చో చెప్పే లెక్క) మొత్తం 1561 ఉందని చూసి డైమండ్లు ఇచ్చేయకండి. అరిగిపోయిన సరుకును అన్విల్ (రిపేర్ చేసే దాగలి) మీద పెట్టి నింపేసి, కొత్తదాని రేటుకే అమ్ముతున్నారు. గేమ్ వెర్షన్లలో ఒకటైన జావా ఎడిషన్‌లో ఎఫ్3, హెచ్ కలిపి నొక్కినా మిగిలిన డ్యూరబిలిటీ కనిపిస్తుందే గానీ, ఎన్నిసార్లు అన్విల్ ఎక్కిందో కనిపించదు. అసలు మోసం అక్కడే.

అన్విల్ మీద రిపేర్ చేసినా, ఎన్‌చాంట్‌మెంట్ (మాయాశక్తి) ఉన్న పుస్తకం కలిపినా ఆ వస్తువు మీద పెనాల్టీ, అంటే తర్వాతిసారి అదనంగా పడే ఖర్చు, పెరుగుతుంది: 1, 3, 7, 15, 31, 63 లెవెల్స్ (ఆటలో సంపాదించే అనుభవం). సర్వైవల్‌లో ఖర్చు 40 చేరితే 'టూ ఎక్స్‌పెన్సివ్' అని ఆపేస్తుంది. అంటే ఆరుసార్లు అన్విల్ ఎక్కిన పికాక్స్‌కి ఇక రిపేర్ లేదు.

కొనేముందు ఇలా పరీక్షించండి. అమ్మేవాడి ఎదురుగానే కాస్త అరిగేదాకా రాయి కొట్టండి. తర్వాత అన్విల్‌లో పికాక్స్ పక్కన ఒకే ఒక్క డైమండ్ పెట్టండి. పేరు మార్చొద్దు, దానికి వేరే ఖర్చు కలుస్తుంది. రిజల్ట్ తీసుకోకుండా ఖర్చు మాత్రం చదవండి. 1 చూపిస్తే అన్విల్ ముట్టనిది. ఆపైన 2, 4, 8, 16, 32 అంటే వరుసగా ఒకటి నుంచి ఐదుసార్లు ఎక్కిందని లెక్క.

ఎక్కువ ఉన్నంత మాత్రాన దొంగ సరుకు అనుకోకండి. నాలుగు పుస్తకాలు ఒక్కొక్కటే ఎక్కిస్తే 16 వస్తుంది. తెలిసినవాడు పుస్తకాలను ముందే జతలుగా కలిపి 8తో ముగిస్తాడు. 32 చూపిస్తే మాత్రం ఇంకొక్క రిపేరే మిగిలింది. పూర్తిగా అరిగాక నాలుగు డైమండ్లు పెట్టాలి, అప్పుడు ఖర్చు 35 లెవెల్స్. ఆ తర్వాత అంతే సంగతులు.

మెండింగ్ అనే ఎన్‌చాంట్‌మెంట్ ఉంటే కథ వేరు. ఒక్కో ఎక్స్‌పీ (అనుభవ) పాయింట్‌కి 2 డ్యూరబిలిటీ తిరిగొస్తుంది, అన్విల్ పనే లేదు. కావలసిన ఎన్‌చాంట్‌మెంట్లన్నీ ఎక్కి ఉంటే పెనాల్టీ 63 ఉన్నా నిశ్చింతగా తీసుకోవచ్చు. మెండింగ్ లేని 32 సరుకును మాత్రం సగం ధరకు కూడా ముట్టుకోవద్దు.

'గ్రైండ్‌స్టోన్‌లో వేస్తే సరిపోతుందిలే' అని నచ్చజెప్పేవాళ్లూ ఉంటారు. ఆ సానరాయితో పెనాల్టీ పోయేది నిజమే, దాంతోపాటు మీరు డబ్బు పెట్టిన ఎఫీషియెన్సీ, ఫార్చూన్ లాంటి ఎన్‌చాంట్‌మెంట్లు కూడా పోతాయి. శాపాలు (చెడు ఎన్‌చాంట్‌మెంట్లు) మాత్రం అలాగే అంటిపెట్టుకుని ఉంటాయి!

ఎగరడానికి వాడే రెక్కలు ఎలిట్రాకీ ఇదే పరీక్ష, డైమండ్ బదులు దాన్ని రిపేర్ చేసే ఫాంటమ్ మెంబ్రేన్ పెట్టండి. దాని డ్యూరబిలిటీ 432, ఎగిరిన ప్రతి సెకనుకు ఒకటి పోతుంది. అరుగుదల తగ్గించే అన్‌బ్రేకింగ్ లేకపోతే ఏడు నిమిషాలే. కొన్ని సర్వర్లు ప్లగిన్‌తో 40 లెవెల్స్ పరిమితి తీసేస్తాయి, మీ సర్వర్ రూల్స్ ముందే అడగండి.