మాయల మరాఠీకి ఏ కారణం ఇస్తే మేలు?

మహారాష్ట్రలోని మా ధర్మాబాద్‌లో తెలుగు కథలు రాసే పిల్లలు కొందరు ఈ మధ్య బాలనాగమ్మ కథను తిరగరాస్తున్నారు. రాత మొదలుపెట్టిన ప్రతివాళ్లూ నన్నడిగేది ఒకటే: "అక్కా, మాయల మరాఠీ అసలు ఎందుకట్ల చేసిండు?" బాలనాగమ్మను కుక్కను చేసి ఎత్తుకుపోయిన మాంత్రికుడు వాడు. అందగత్తెను చూసి మోజుపడ్డాడని కథే చెబుతుంది. బుర్రకథకు అది చాలు. వాడి మనసులోకి దిగి పది అధ్యాయాలు రాయాలంటే ఇంకేదో కావాలి.

మా వైపు ముందుగా తట్టేది పగ. ఇక్కడ బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు. పక్కింటి మరాఠీ స్నేహితురాలికి ఈ కథ చెప్పబోతే విలన్ పేరు దగ్గరే నోరు ఆగిపోతుంది. కొన్ని చోట్ల వాణ్ణి ఫకీరంటారు. 1942 నాటి జెమినీ వారి సినిమాలో గోవిందరాజుల సుబ్బారావు వేసింది మాత్రం మాయల మరాఠీగానే. అందుకే ఒక పదో తరగతి అమ్మాయి వాడికో గతం రాసింది. బాలనాగమ్మ భర్త కార్యవర్ధిరాజు తాతలు తగలబెట్టిన ఊళ్లో మిగిలిన పిల్లాడు వాడు. కాలిన గడప పక్కన బూడిదలో చేతులు పెట్టి అమ్మ ఇత్తడి చెంబు కోసం వెతుకుతుంటాడు. అది చదివినప్పుడు నాకు ఏడుపొచ్చింది. పేరుకో కారణం దొరికింది, జాతి మొత్తాన్ని తిట్టినట్టూ లేదు. ఆమెను విడిపించడానికి వచ్చిన రాజులను రాళ్లు చేయడం కూడా పగకు చక్కగా అతుకుతుంది. కానీ పగతో రగిలేవాడు చిలుకలో దాచిన తన ప్రాణం ఎక్కడుందో శత్రువు భార్యకు చెబుతాడా?

ఏ కారణమైనా ఈ ప్రశ్నకు నిలబడాలి. నాకు మిగతావన్నీ దీని తర్వాతే.

ప్రేమ అంటే చెప్పడానికి కారణం దొరుకుతుంది. ఎక్కువమంది రాస్తున్నదీ అదే. నాకది మింగుడుపడదు. ప్రేమకొద్దీ చెప్పాడంటే బాలనాగమ్మ గెలుపు వాడు పెట్టిన భిక్ష అయిపోతుంది. కుక్కను చేసి లాక్కొచ్చినవాడి మీద జాలిపడుతూ కథ ముగిస్తాం. ఉయ్యాల్లో బిడ్డను వదిలి రావలసి వచ్చిన తల్లిని మరిచిపోతాం.

మంత్రసిద్ధుల కోసం చేశాడనేవాళ్లూ ఉన్నారు. సిద్ధులు వాడికి ముందే ఉన్నాయి.

మిగిలింది చావు భయం. నా ఓటు దానికే.

మా నాయనమ్మ ఎండుమిరపకాయల తొడిమలు తుంచుతూ ఈ కథ చెప్పేది. బాలనాగమ్మ వాడి ప్రాణం గుట్టు అడిగే చోటికి వచ్చేసరికి చేతులు ఆగేవి. గొంతు తగ్గించి, "నువ్వు పోతే నాకు దిక్కెవరు?" అని బాలనాగమ్మలా అడిగేది. ఘాటుకు ఆమె కళ్లు ఎట్లాగూ నీళ్లతో నిండి ఉండేవి. ఆ వెంటనే తల ఎగరేసి మరాఠీ అయ్యేది: "నాకు చావా!" ఆ అరుపు వినగానే చిన్నపిల్లనైన నాకు కూడా వాడు బెదిరిపోయాడని తెలిసేది.

చావంటే అంత వణుకు ఉన్నవాడే ప్రాణాన్ని ఒంట్లోంచి తీసి ఏడు సముద్రాల అవతల చిలుకలో దాస్తాడు. దాచినా నిద్రపట్టదు. ఎవరికీ చెప్పుకోలేడు కనుక ధైర్యం చెప్పే మనిషీ ఉండదు. వ్రతంలో ఉన్నానని బాలనాగమ్మ అంటే వాడు ఏళ్ల తరబడి ఆగింది కూడా ఇందుకే అనుకోవచ్చు: వ్రతం చెడగొడితే తనకేం మూడుతుందోనని. ఇన్నేళ్లూ బాలనాగమ్మ వాణ్ణి గమనిస్తూనే ఉంది. ఏ మాటకు వాడి మొహం మారుతుందో కనిపెట్టింది. కొడుకు పూలమ్మే తంబళ్ల పెద్ది మనవడినంటూ వచ్చి కలిసిన తర్వాత, సరిగ్గా ఆ మాటే అడిగింది. తనకు చావు లేదని ఆమెతో పాటు తనకూ నచ్చజెప్పుకోవాలనే తొందరలో వాడు చిలుక సంగతి బయటపెట్టేశాడు. ఇట్లా రాస్తే ఆ గెలుపు పూర్తిగా ఆమె తెలివిదే.

ఇందులో ఒక చిక్కు ఉంది. భయపడేవాణ్ణి రాస్తుంటే వాడు చిన్నబోతాడు, చదివేవాళ్లకు వాడంటే బెదురు తగ్గుతుంది. రాళ్లయిపోయిన రాజుల మధ్య వాడు ఒంటరిగా తిరిగే రాత్రి ఒకటి ముందే రాసుకుంటే ఆ లోటు కొంత తీరుతుంది.

ఆ పదో తరగతి అమ్మాయికి మొన్న ఇదే చెప్పాను. కాలిన ఊరు, ఇత్తడి చెంబు అట్లాగే ఉండనీ, కార్యవర్ధిరాజు తాతల పేరు ఒక్కటి తీసెయ్ అన్నాను. ఆ బూడిదలో వాడికి అంటుకున్నది భయం అనుకుని చూడమన్నాను. చెంబు దొరుకుతుందా, దొరకదా అని అడిగింది. దొరకాలన్నాను. ఇప్పుడు ఆ చిలుక పంజరం పక్కన ఆ చెంబు పెట్టి, అందులో నీళ్లు పోసి మళ్లీ రాస్తోంది.