ఎలైట్ డేంజరస్: నాలుగేళ్ళు సరుకు తోలినాక

ఎలైట్ డేంజరస్ అంటే అంతరిక్షంలో ఓడ తోలే వీడియో గేమ్. ఈ ఆటలో నా గంటలు 1,100 దాటాయి. అందులో తుపాకి పేల్చింది మొత్తం కలిపినా ఒక పూట ఉండదు. నేను తోలేది టైప్-9 హెవీ, 700 టన్నులకు పైన పట్టే సరుకు ఓడ. ఆడేవాళ్ళు ముద్దుగా 'స్పేస్ కౌ' అంటారు. మలుపు తిప్పి చూస్తే మన చిత్తూరోళ్ళెవరైనా బర్రె అనే అంటారు. మనం తిప్పినాక అది కాసేపు ఆలోచించుకుని తిరుగుతుంది.

ఆట 2014 డిసెంబరులో వచ్చింది. పాలపుంతను అసలు కొలతల్లోనే కట్టారు, 40,000 కోట్ల నక్షత్ర వ్యవస్థలతో. యుద్ధాలు, గ్రహాంతరవాసులు అన్నీ ఉన్నాయి, వాటి గురించి వేరేవాళ్ళు చెబుతారు. నన్ను పట్టుకున్నది మధ్యలో ఉండే ఖాళీ.

జంప్ కొట్టగానే, అంటే ఒక నక్షత్ర వ్యవస్థ నుంచి ఇంకో దానికి దూకగానే, ఒక నక్షత్రం మొహం మీదికొస్తుంది. దాని అంచు వెంట తిరుగుతూ ఇంధనం తోడుకోవాలి. మరీ దగ్గరికి పోతే ఓడ కాగిపోతుంది, దూరం జరిగితే చుక్క పడదు. నిండాక మళ్ళీ జంప్. రాత్రి పదకొండుకు తిరుపతిలో మా మిద్దె మీది గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటే ఇంజను మూలుగు తప్ప ఇంకేమీ ఉండదు. అప్పుడప్పుడు రేణిగుంట వైపు నుంచి గూడ్సు బండి కూత దూరుతుంది, అదీ ఓడలోదే అనిపిస్తుంది.

ఒంటరితనం అసలు రుచి తెలిసింది మాత్రం హటన్ ఆర్బిటల్ దారిలో. ఆల్ఫా సెంటారీ అనే మూడు నక్షత్రాల వ్యవస్థలో, జంప్ కొట్టి మనం తేలే చోటి నుంచి ఆ స్టేషను 0.22 కాంతి సంవత్సరాలు. ఆట వాళ్ళు వేళాకోళానికి పెట్టిన దూరం కాదది. అది ఆ మూడింటిలో ప్రాక్సిమా అనే నక్షత్రం దగ్గరుంటుంది, ఆకాశంలో నిజంగానే ప్రాక్సిమా మిగతా రెంటికీ దాదాపు అంత ఎడంగా ఉంది. మామూలు ఇంజనుతో ఓడ వేగం కాంతికి 2,001 రెట్లు మించదు. గంటన్నర. అక్కడి కాఫీ మగ్గులకు ఆటలో పేరుంది. మగ్గులు తెద్దామని బర్రెను తోలుకుపోయా.

ఆ రాత్రి నాయన వచ్చి మంచం మీద కూర్చున్నాడు. ఇరవై ఆరేళ్ళు లారీ తోలినాయన. చిత్తూరు నుంచి మామిడి గుజ్జు డ్రమ్ములు చెన్నై హార్బరుకు, ఒక్కోసారి బెల్లం ఇంకా పైకి.

"ఏమిరా, స్టీరింగు పట్టుకోకుండానే పోతాండావే?"

"అంతా నేరుగానే నాయనా."

చాలాసేపు చూశాడు. తెర మీద దూరం అంకె తప్ప ఏదీ కదల్లేదు. "నాకు క్లీనరన్నా ఉండె. నిద్రొస్తే వాణ్ణి తిట్టుకుంటా పోయేవాణ్ణి. నీకు వాడు గూడా లేడే" అన్నాడు.

సగం దారిలో కరెంటు పోయింది. ఇన్వర్టరు ఉంది, రౌటరును దానికి కలపని తెలివి నాది. ఒక్కడివే ఆడినా ఈ ఆటకు నెట్ ఉండాల్సిందే. తిరిగొచ్చేసరికి ఓడ అదే చోట నిలబడి ఉంది, వేగం సున్నా. మళ్ళీ మొదటి నుంచి పరుగందుకోవడం.

చివరికి చేరాం. అనుమతి అడిగితే లేదంది. అది చిన్న స్టేషను, పెద్ద ఓడలు దిగే ప్యాడ్ అక్కడ లేనే లేదు.

నాయన నవ్వలేదు. "దిగే చోట పెద్ద బండి పడతాదా లేదా అని ముందే కనుక్కోవద్దా? తిరుగు కిరాయి గూడా లేదు" అని లేచి పడుకోవడానికి పోయాడు. ఆయనకు ఆట అర్థం కాలేదనుకున్నా, నాకంటే బాగానే అర్థమయింది.

అందరితో కలిసి ఆడే పద్ధతీ ఉంది. రాడార్‌లో కంప్యూటరు నడిపే ఓడల గుర్తులు నిండుగా ఉంటాయి, మనిషి నడిపేవైతే బోలుగా. ఊళ్ళకు దూరంగా వారాల తరబడి ఒక్క బోలు గుర్తూ కనపడదు. కనపడితే మాత్రం దోచుకుంటాడేమో అన్న భయం కంటే ముందు పలకరిద్దామా అనిపిస్తుంది. ఇంధనం అయిపోయి నడిమధ్యన నిలిచిపోతే ఫ్యూయల్ ర్యాట్స్ అని ఆటగాళ్ళే ఒక గుంపు, డబ్బు తీసుకోకుండా వచ్చి పోస్తారు. నాకు అంత అవసరం పడలేదు. ఒకసారి పడితే బాగుండు అనిపించిన రాత్రులున్నాయి.

2024లో ఓవర్‌చార్జ్ ఇంజన్లు వచ్చాయి. దూరాలు త్వరగా కరుగుతాయి, ఇంధనం మంచినీళ్ళలా తాగుతాయి. నేను ఇంకా పెట్టించుకోలేదు. ఆట కొనాలనుకునేవాళ్ళు మొదట రౌటరును ఇన్వర్టరుకు కలుపుకోండి.