పోకెమాన్ స్కార్లెట్, వయొలెట్: ఎక్కాలు పక్కాగా ఉన్నాయి, నేర్పడమే సగంలో ఆగింది

గేమ్ ఫ్రీక్ సంస్థ నింటెండో స్విచ్ కోసం చేసిన ఈ జంట ఆటలు 2022 నవంబరు 18న వచ్చాయి. తిట్లన్నీ దాదాపు గ్రాఫిక్స్ గురించే. చెట్లు ఉన్నట్టుండి మొలుస్తాయి, దూరంగా నడిచేవాళ్లు తోలుబొమ్మల్లా కుదుపులతో కదులుతారు. నిజమే. స్విచ్ 2 కొన్నవాళ్లకు 2025 జూన్‌లో వచ్చిన ఉచిత అప్‌డేట్‌తో ఆ బాధ చాలావరకు తీరింది. పాత స్విచ్ మీద ఆడేవాళ్లు ఓర్చుకోవాల్సిందే. ఈ రివ్యూ మాత్రం దాని గురించి కాదు. పోకెమాన్ అనే జీవులను పట్టి, పెంచి, పోరుకు దించే ఈ ఆటకు ప్రాణం టైపుల లెక్క, అంటే ఫైర్, వాటర్, గ్రాస్ లాంటి ఏ టైపు దెబ్బ ఏ టైపుకు ఎంత తగులుతుందన్నది. దాన్ని ఎంత బాగా వాడుకున్నారు, ఎక్కడ చేతులెత్తేశారు అన్నదే ఇక్కడి విషయం.

మొత్తం 18 టైపులు. కొట్టేవి 18, దెబ్బ తినేవి 18, అంటే 324 గళ్ల పట్టిక. గట్టిగా తగిలితే దెబ్బ రెట్టింపు, తక్కువగా తగిలితే సగం, అసలు పనిచేయకపోతే సున్నా. సున్నా గళ్లు ఎనిమిదే ఉన్నాయి కాబట్టి ముందు వాటినే కంఠస్థం చేయడం మేలు: గ్రౌండ్ మీద ఎలక్ట్రిక్, ఫ్లయింగ్ మీద గ్రౌండ్, ఘోస్ట్ మీద నార్మల్, ఫైటింగ్, నార్మల్ మీద ఘోస్ట్, డార్క్ మీద సైకిక్, స్టీల్ మీద పాయిజన్, ఫెయిరీ మీద డ్రాగన్. పోకెమాన్‌కు రెండు టైపులుంటే రెండు గుణకాలనూ హెచ్చవేయాలి. గార్‌చాంప్ డ్రాగన్, గ్రౌండ్. ఐస్ ఈ రెండింటికీ రెట్టింపు తగులుతుంది కాబట్టి మొత్తం నాలుగు రెట్లు. మూవ్ (పోకెమాన్ వేసే ఎత్తు) టైపూ దాన్ని వాడే పోకెమాన్ టైపూ ఒకటే అయితే అదనంగా 1.5 రెట్లు.

ఈ పట్టిక ఒక్కరోజులో కుదిరింది కాదు. 1996 నాటి రెడ్, గ్రీన్ ఆటల్లో ఉన్నవి 15 టైపులే. వాటిలో సైకిక్‌కు పగ్గాలు వేసేవాడే లేడు. ఘోస్ట్‌తో కొడితే గట్టిగా తగలాల్సింది, పట్టికలో దొర్లిన పొరపాటు వల్ల సున్నా అయి కూర్చుంది. 1999లో డార్క్, స్టీల్ వచ్చాక సైకిక్ దారికొచ్చింది. ఆ తర్వాత డ్రాగన్ పెత్తనం. దాని ముక్కుతాడు 2013లో ఫెయిరీ చేతికి చిక్కింది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉండాలన్నదే ఇక్కడి సూత్రం. స్కార్లెట్, వయొలెట్‌లో పట్టిక జోలికి పోలేదు. దాని మీద టెరాస్టలైజ్ అనే కొత్త పొర ఒకటి పరిచారు.

ప్రతి పోకెమాన్‌కూ మామూలు టైపులతో పాటు ఒక టెరా టైప్ ఉంటుంది. యుద్ధానికి ఒక్కసారి, ఒక్క పోకెమాన్‌ను ఆ టైపులోకి మార్చవచ్చు. మారాక దెబ్బ తినే లెక్కకు టెరా టైప్ ఒక్కటే మిగులుతుంది. కొట్టే లెక్కలో మాత్రం పాత టైపుల 1.5 రెట్లూ ఉంటాయి, కొత్త టైపుకూ 1.5 వస్తుంది. టెరా టైప్ పాత టైపుల్లోనిదే అయితే 1.5 బదులు 2. ఫైర్ టైపున్న స్కెలెడర్జ్ వాడే ఫైర్ మూవ్ టార్చ్ సాంగ్ పవర్ 80. మామూలుగా 120గా లెక్కకొచ్చేది ఫైర్ టెరా వేస్తే 160 అవుతుంది. ఎదురుగా గ్రాస్ పోకెమాన్ ఉంటే అది 320.

ఆత్మరక్షణకు వాడితే మజా ఇంకా ఎక్కువ. డ్రాగొనైట్ డ్రాగన్, ఫ్లయింగ్ కాబట్టి ఐస్ తగిలితే నాలుగు రెట్లు. స్టీల్ టెరా వేస్తే అదే ఐస్ మూవ్ సగమే తగులుతుంది. అంటే ఒక్క బటన్‌తో దెబ్బ ఎనిమిదో వంతుకు పడిపోయింది. పోటీల్లో ఆడేవాళ్లు డ్రాగొనైట్‌కు నార్మల్ టెరా పెట్టేది ఇంకో ఎత్తుగడ కోసం: అందరికంటే ముందు తగిలే ఎక్స్‌ట్రీమ్ స్పీడ్ నార్మల్ మూవ్ కాబట్టి దానికి 1.5 రెట్లు తోడవుతాయి. ఎదుటివాడు ఘోస్ట్ దించితే ఆ మూవ్ సున్నా, అది వేరే సంగతి. కింగాంబిట్ డార్క్, స్టీల్, ఫైటింగ్‌కు నాలుగు రెట్ల బలహీనత. ఘోస్ట్ టెరాతో అది సున్నాకు దిగుతుంది. మన టెరా ఎదుటివాడు ఊహించలేనిదైతేనే ఇదంతా పనిచేస్తుంది, పేకాటలో జోకర్ దాచుకున్నట్టు.

ఇంత సరుకున్న ఆట కథలో మాత్రం దాన్ని పొదుపుగా వాడుకుంది. కథలో ఒక్కో లీడర్‌ను ఓడించాల్సిన ఎనిమిది జిమ్‌లూ ఒక్కో టైపువి. లీడర్లందరూ చివరి పోకెమాన్‌కే, దించగానే టెరా వేస్తారు. ఒకసారి ఈ పద్ధతి కనిపెట్టాక ఆశ్చర్యపడేదేమీ ఉండదు. పైగా ఎదుటి ట్రైనర్ తర్వాత ఏది దించబోతున్నాడో చెప్పి, మార్చుకుంటావా అని ఆటే అడుగుతుంది. పాత ఆటల్లో ఈ అడగడాన్ని ఆపే సెట్టింగ్ ఉండేది, ఇందులో తీసేశారు. పరీక్షకు ముందే ప్రశ్నపత్రం చేతికిచ్చినట్టుంది.

అయినా రెండు జిమ్‌లు బుర్రకు పని పెడతాయి. ఒకటి బ్రేసియస్‌ది, గ్రాస్ జిమ్. గ్రాస్ అనగానే అందరూ ఫైర్ లేదా ఫ్లయింగ్‌తో వెళ్తారు. చివర దిగే 17వ లెవెల్ సుడోవూడో పుట్టుకతో రాక్ టైప్. టెరాతో గ్రాస్‌గా మారినా చేతిలో రాక్ త్రో అలాగే ఉంటుంది. ఫైర్‌కూ ఫ్లయింగ్‌కూ రాక్ రెట్టింపు తగులుతుంది. రెండోది ఐయోనోది, ఎలక్ట్రిక్ జిమ్. ఎలక్ట్రిక్‌కు ఉన్న ఒకే ఒక్క బలహీనత గ్రౌండ్. ఆమె చివర దించే 24వ లెవెల్ మిస్‌మేగియస్‌కు లెవిటేట్ అనే ఎబిలిటీ (దానంతటదే పనిచేసే సహజశక్తి) ఉంది, గ్రౌండ్ మూవ్ దానికి అంటదు. అంటే ఎలక్ట్రిక్ టెరా పడ్డాక దానికి బలహీనతే లేదు. మొత్తం ఆటలో ఇంతకంటే తెలివైన డిజైన్ ఇంకోటి కనిపించదు.

అయితే ఇక్కడే ఆట చేసిన పెద్ద తప్పు బయటపడుతుంది. ఒకసారి ఎదురుపడిన పోకెమాన్ మీద ఏ మూవ్ ఎలా తగులుతుందో మూవ్ పేరు కిందే రాసి ఉంటుంది. కొత్తవాళ్లకు ఇది వరమే. కానీ ఆ రాత టైపులను చూసి చెబుతుందే గాని ఎబిలిటీలను పట్టించుకోదు. మిస్‌మేగియస్ మీద గ్రౌండ్ మూవ్ గట్టిగా తగులుతుందని రాసి ఉంటుంది, నొక్కితే సున్నా. నమ్మి కొట్టినవాడి టర్న్ దండగ. ఇక్కడ గ్రౌండ్ పోకెమాన్‌ను కొట్టడానికి కాక కాచుకోవడానికి తీసుకెళ్లాలి. ఆట జరిగే పాల్డియా ప్రాంతంలో దొరికే వూపర్ అనే పోకెమాన్ 20వ లెవెల్‌లో క్లాడ్‌సైర్ అవుతుంది: పాయిజన్, గ్రౌండ్. మిస్‌మేగియస్ వేసే చార్జ్ బీమ్ దానికి అంటదు, హెక్స్, మిస్టికల్ ఫైర్ మామూలుగానే తగులుతాయి. తికమక పెట్టే కన్‌ఫ్యూజ్ రే ఒక్కటే తలనొప్పి. క్లాడ్‌సైర్‌తో నిలబడి, గ్రౌండ్ కాని మూవ్‌లతో నిదానంగా తగ్గించుకుంటూ పోవచ్చు.

ఏ జిమ్‌కైనా ముందు వెళ్లవచ్చని ఆట ఊరిస్తుంది. లెవెల్స్ మాత్రం మనతో పాటు పెరగవు. లీడర్ల చివరి పోకెమాన్ లెవెల్స్ వరుసగా కేటీ 15, బ్రేసియస్ 17, ఐయోనో 24, కోఫు 30, లారీ 36, రైమ్ 42, ట్యులిప్ 45, గ్రూషా 48. ఈ వరుస తప్పితే ఏ టైపూ కాపాడదు, లేదా ఏ టైపూ అక్కర్లేదు.

కొత్తవాళ్లు ఎక్కువగా బోర్లాపడేది టెరా రెయిడ్లలో, అంటే టెరా వేసుకున్న ఒకే పోకెమాన్‌ను నలుగురు కలిసి ఎదుర్కొనే పోరుల్లో. మెరిసే స్ఫటికం దగ్గరికెళ్తే కనిపించేది నల్లటి ఆకారం, టెరా టైప్ గుర్తు, అంతే. గుర్తు చూసి దానికి ఎదురుటైపును తీసుకెళ్తారు. కానీ ఆ గుర్తు చెప్పేది దేనితో కొట్టాలన్నదే. అది మనల్ని దేనితో కొడుతుందో తెలియాలంటే ఆకారాన్ని గుర్తుపట్టాలి, ఎందుకంటే టెరా వేసుకున్నా దాని పాత మూవ్‌లు అలాగే ఉంటాయి. 2022 డిసెంబరులో వచ్చిన ఏడు నక్షత్రాల (అన్నింటికంటే కష్టమైన) చారిజార్డ్ రెయిడే ఉదాహరణ. డ్రాగన్ టెరా కాబట్టి డ్రాగన్‌తో కొట్టవచ్చు, ఐస్‌తో కొట్టవచ్చు, ఫెయిరీతో కొట్టవచ్చు. డ్రాగన్‌ను పంపితే అదే డ్రాగన్ మూవ్‌కు రెట్టింపు తింటుంది. ఐస్‌ను పంపితే చారిజార్డ్ ఫైర్ దాన్ని కరిగించేస్తుంది. అజుమరిల్ వాటర్, ఫెయిరీ: డ్రాగన్ దెబ్బ సున్నా, ఫైర్ సగం, చేతిలో ప్లే రఫ్ అనే ఫెయిరీ మూవ్. బెల్లీ డ్రమ్‌తో ఎటాక్ పెంచుకుని కొట్టే అజుమరిల్ అప్పట్లో ప్రతి రెయిడ్‌లోనూ కనబడింది అందుకే.

కథలో మనం చదివే అకాడమీలో యుద్ధపాఠాలు ఉన్నాయి, డెండ్రా టీచర్ టైపుల గురించి చెబుతుంది కూడా. అవి ఓనమాలు. రెయిడ్‌లో తేడా ఏమిటో, ఎబిలిటీ లెక్కను ఎలా తారుమారు చేస్తుందో అక్కడ ఒంటబట్టదు. తెలుగు అనువాదమా, ఆ ఆశ వద్దు. ఉన్న తొమ్మిది భాషల్లో మన దేశపు భాష ఒక్కటీ లేదు.

టెరా టైప్ నచ్చకపోతే మెడాలి ఊళ్లోని ట్రెజర్ ఈటరీలో మార్పిస్తారు. కావలసిన టైపుకు చెందిన టెరా షార్డ్‌లు 50 ఇవ్వాలి. ఆరుగురి జట్టు మొత్తానికి మార్చాలంటే 300, షార్డ్‌లకేమో రెయిడ్లే ప్రధాన ఆధారం. ఇది అన్యాయం. యుద్ధంలో ఇంత స్వేచ్ఛ ఇచ్చి, ప్రయోగం చేసుకోవడానికి ఇంత కూలి వసూలు చేయడం ఏం తెలివి?

రెండింట్లో ఏది కొనాలంటే ముందు స్నేహితుల దగ్గర లేనిది చూసుకోండి. ఆ పట్టింపు లేకపోతే స్కార్లెట్ మేలు. ముఖచిత్రం మీది కొరైడాన్ ఫైటింగ్, డ్రాగన్, ఫెయిరీ దెబ్బకు నాలుగు రెట్లు తింటుంది కాబట్టి దాన్ని చూసి కొనకండి. ఫ్లటర్ మేన్ కోసం కొనండి: ఘోస్ట్, ఫెయిరీ, మూడు టైపులు సున్నా, బలహీనతలు రెండే. వయొలెట్‌లో మిరైడాన్ ఎలక్ట్రిక్, డ్రాగన్. నాలుగు బలహీనతలున్నా ఏదీ రెట్టింపు దాటదు.

అదనపు భాగం రెండు విడతలుగా 2023 సెప్టెంబరులో, డిసెంబరులో వచ్చింది. రెండో విడతలో స్టెల్లార్ అనే టెరా టైప్ ఇచ్చారు. దెబ్బ తినే లెక్కలో పాత టైపులే ఉంటాయి, కొట్టేటప్పుడు మాత్రం ఒక్కో టైపు మూవ్‌కూ ఒక్కసారి బలం: సొంత టైపుకు 2, మిగతావాటికి 1.2. ఈ రూపంలో వాడే టెరా బ్లాస్ట్ అనే మూవ్, టెరా వేసుకున్న ఎవరినైనా గట్టిగా తాకుతుంది, కాకపోతే కొట్టినవాడి ఎటాక్, స్పెషల్ ఎటాక్ రెండూ ఒక్కో మెట్టు తగ్గుతాయి. కథ ఒక్కటే ఆడేవాళ్లకు ఈ భాగం అవసరం లేదు. ఆన్‌లైన్‌లో ఇతరులతో తలపడేవాళ్లు ఇది లేకుండా దిగితే ఎదుటివాడి చేతిలో ఉన్న పావు తమ దగ్గర ఉండదు.