హైడ్రోపోనిక్స్ స్టార్టర్ కిట్ తెప్పించుకునేవాళ్లకు: డబ్బులు కట్టేముందు పీహెచ్ పెన్ను సంగతి అడగండి

మహారాష్ట్రలో చంద్రపూర్, బల్లార్షా, రాజురా, గడ్‌చాందూర్ వైపు ఉన్న మన తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఈ మధ్య మిద్దె మీద పైపులు పెట్టి, మట్టి లేకుండా పోషకాలు కలిపిన నీళ్లలో (హైడ్రోపోనిక్స్ అంటే ఇదే) పాలకూర, లెట్యూస్ పెంచేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్లలో చాలామంది తెలుగు వీడియోలు చూసి, వాట్సాప్‌లో ఆర్డరిచ్చి, తెలంగాణ నుంచి కొరియర్‌లో కిట్లు తెప్పించుకుంటున్నారు. నేనూ అలాగే ఒకటి కొన్నాను. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి అమ్మినవాళ్ల పేరు రాయను. పైగా ఇదే సరుకు వేరే వేరే పేర్లతో తిరుగుతోంది, పేరు కంటే గుర్తులు చెబితేనే మీకు ఉపయోగం.

కిట్‌లో వచ్చినవి ఇవీ: కన్నాలు పెట్టిన పైపు, నెట్ పాట్లు (జల్లెడలాంటి చిన్న కుండీలు), కోకోపీట్ బిళ్లలు, గింజలు, చిన్న పంపు, ఏ-బీ అని రాసిన రెండు పోషక సీసాలు, పసుపు రంగు పీహెచ్ పెన్ను ఒకటి. పీహెచ్ అంటే నీళ్లలో ఆమ్లం, క్షారం ఎంతో చెప్పే అంకె, 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ప్రకటనలో మాట: "బోరు నీళ్లయినా నల్లా నీళ్లయినా పర్లేదు, మా కిట్ సర్దుకుంటుంది."

మొలకలు బాగానే లేచాయి. మొదటి రెండాకులు పచ్చగా ఉన్నాయి. అసలు ఆకులు విచ్చుకోవడం మొదలయ్యాక తేడా కనిపించింది. కొత్తగా వచ్చే ప్రతి ఆకూ పాలిపోయి పసుపుగా వస్తోంది, ఈనెలు మాత్రం ఆకుపచ్చ గీతల్లా మిగిలాయి. కింది ఆకులకు ఏమీ కాలేదు. ఈ గుర్తు గట్టిగా పట్టుకోండి. నత్రజని తక్కువైతే ముందు పాత ఆకులు పసుపెక్కుతాయి. ఇనుము అందకపోతే కొత్త ఆకులు పసుపెక్కుతాయి, ఎందుకంటే మొక్క తన పాత ఆకుల్లోని ఇనుమును పీకి కొత్త ఆకులకు పంపుకోలేదు. సీసాలో ఇనుము ఉన్నా పీహెచ్ 7 దాటితే వేరుకు సరిగా అందదు. చవక పోషకాల్లో ఎక్కువగా వాడే ఈడీటీఏ ఇనుము (ఈడీటీఏ అనే రసాయనం పట్టి ఉంచే ఇనుము) 6.5 దాటినప్పటి నుంచే పట్టు తప్పుతుంది. హైడ్రోపోనిక్స్‌కు 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలని అందరూ చెప్పేది ఇందుకే.

కానీ పెన్ను 6.1 చూపిస్తోంది! అమ్మినవాళ్లకు ఫొటో పెడితే "రీడింగ్ కరెక్టుగానే ఉంది సార్, మీ గింజల్లో దోషం" అన్నారు. గింజలు కూడా వాళ్లు పంపినవే అని గుర్తుచేస్తే, కృషి కేంద్రంలో 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు) తెచ్చి ఒక చెంచా వేయమన్నారు. ఈ సలహాతోనే వాళ్లకు ఎంత తెలుసో అర్థమైపోయింది. 19:19:19లో కాల్షియం ఉండదు. అందులోని నత్రజనిలో సగానికి పైగా యూరియా రూపంలో ఉంటుంది. మట్టిలోనైతే సూక్ష్మజీవులు దాన్ని మొక్కకు పనికొచ్చేలా మారుస్తాయి, ఉత్త నీళ్లలో ఆ పని సరిగా జరగదు.

అనుమానం వచ్చి చంద్రపూర్‌లో అక్వేరియం దుకాణం నుంచి చుక్కల మందు తెచ్చాను. రెండు చుక్కలు వేస్తే రంగు మారి పీహెచ్ చెప్పే రకం. పసుపు వస్తే 6 దగ్గర, ఆకుపచ్చ వస్తే 7 దగ్గర, నీలం వస్తే అంతకంటే పైన. మా ట్యాంకు నీళ్లు నీలంగా మారాయి. తర్వాత కాలేజీ ల్యాబులకు సామాను అమ్మే చోట 4.01, 6.86 బఫర్ పొడులు దొరికాయి, అంటే నీళ్లలో కలిపితే సరిగ్గా ఆ పీహెచ్ వచ్చే పొడులు, పెన్నును పరీక్షించడానికి. డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి పెన్ను ముంచితే 4.01 ద్రావణంలో 4.6 చూపించింది, 6.86 ద్రావణంలో 5.7. అంటే పెన్ను ఒకే లెక్కన తప్పు చూపించడం కాదు, కదలాల్సిన దాంట్లో సగం కూడా కదలడం లేదు. ఆ లెక్కన అది 6.1 చూపిస్తే అసలు పీహెచ్ 8కి దగ్గర. వెనక ఉన్న మరను ఎంత తిప్పినా ఒకచోట సరిచేస్తే రెండోచోట చెడుతోంది.

కారణం మూత విప్పితేనే తెలుస్తుంది. పీహెచ్ పెన్ను కొనలోని గాజు బుడ్డి ఎప్పుడూ తడిగా ఉండాలి. మూతలో చిన్న స్పాంజి ఉంటుంది, దానికి పొటాషియం క్లోరైడ్ ద్రావణం పట్టించి ఉంచాలి. మాకు వచ్చినదాంట్లో స్పాంజి ఎండి గట్టిపడింది, బుడ్డి మీద తెల్లటి పొర. ఎన్నాళ్లు గోదాములో పడుందో! బఫర్ పొడులు అసలు పంపనే లేదు. పెట్టె మీద మాత్రం 0.01 అని గొప్పగా అచ్చువేశారు. తెర మీద రెండు దశాంశాలు కనిపించినంత మాత్రాన చూపించే అంకె నిజం కాదు.

ఇంతకంటే కోపం తెప్పించింది వాడే విధానం అని పంపిన కాగితం. "ఏ, బీ రెండూ సమానంగా ఒక కప్పులో కలిపి ట్యాంకులో పోయండి" అని తెలుగులో శుభ్రంగా రాశారు. అసలు వాటిని రెండు సీసాలు చేసేదే చిక్కటి రూపంలో కలవకూడదని. ఒకదాంట్లో కాల్షియం, ఇంకోదాంట్లో సల్ఫేట్లు, ఫాస్ఫేట్లు ఉంటాయి. నేరుగా కలిస్తే పాలు విరిగినట్టు తెల్లగా విరిగి అడుగున పడిపోతాయి, ఆ తర్వాత మొక్కకు అందవు. గాజు గ్లాసులో కలిపి చూశాను, అలాగే అయింది, వీడియో కూడా తీసి పెట్టుకున్నాను. ట్యాంకు నిండా నీళ్లు పోసి, ముందు ఒకటి వేసి బాగా కలిపాక రెండోది వేయాలి. సీసాల మీద ఏ పోషకం ఎంత శాతమో లేదు, తయారీదారు చిరునామా లేదు, తేదీ లేదు. తయారీదారు పేరు చిరునామా, నికర పరిమాణం, నెల-సంవత్సరం, ఎంఆర్‌పీ లేకుండా ప్యాకెట్ సరుకు అమ్మకూడదని 2011 నాటి లీగల్ మెట్రాలజీ నిబంధనలు చెబుతున్నాయి.

ఇక నీళ్ల సంగతి. మన వైపు ఊరికే సిమెంటు ఫ్యాక్టరీలు పెట్టలేదు, కిందంతా సున్నపురాయి. బోరు నీళ్లు కాచిన గిన్నెకు తెల్లటి పొర పట్టడం ప్రతి ఇంట్లో చూసేదే. ఈ నీళ్లలో బైకార్బోనేట్ ఎక్కువ. పీహెచ్ డౌన్ (పీహెచ్ దించే యాసిడ్ మందు) చుక్కలు వేస్తే సాయంత్రానికి 6కి దిగుతుంది, పొద్దున చూస్తే మళ్లీ 7.5. మందు పనిచేయలేదని అనుకుంటాం, నిజానికి బైకార్బోనేట్ దాన్ని మింగేస్తోంది. కాబట్టి నీళ్ల పీహెచ్ ఒక్కటే చూస్తే చాలదు, ఆల్కలినిటీ, అంటే నీళ్లు యాసిడ్‌ను ఎంత మింగేస్తాయో, అదీ పరీక్ష చేయించాలి. తాగే నీళ్లకు మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఆల్కలినిటీ లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు మంచిది, వేరే దారి లేకపోతే 600 వరకు ఒప్పుకుంటారు. అంటే తాగడానికి పాసైన నీళ్లే హైడ్రోపోనిక్స్‌కు చుక్కలు చూపించగలవు. "ఏ నీళ్లయినా పర్లేదు" అని అమ్మి, ఆనక "మీ నీళ్లు బాలేవు, ఇంకో సీసా పీహెచ్ డౌన్ కొనండి" అనడమే అసలు మోసం.

నేను ఇప్పుడు ఆర్‌వో నీళ్లు, బోరు నీళ్లు కలిపి వాడుతున్నాను, పీహెచ్ ఒకచోట నిలుస్తోంది. ఆర్‌వో నుంచి బయటికి వదిలేసే నీళ్లు మాత్రం వాడకండి, ఉప్పులన్నీ వాటిలోనే చేరతాయి. నిమ్మ ఉప్పు వేసి పీహెచ్ దించమని కొందరు చెబుతారు, అది నాలుగు రోజులకే తేలిపోతుంది. ఫాస్ఫారిక్ యాసిడ్ వాడితే చేతికి గ్లవ్స్ వేసుకుని యాసిడ్‌నే నీళ్లలో పోయండి, యాసిడ్‌లో నీళ్లు పోయొద్దు.

న్యాయంగా ఒక మాట. మొలక సన్నగా పొడుగ్గా సాగితే అది వెలుతురు చాలక, కిట్ తప్పు కాదు. కాండం మొదట్లో నలిగినట్టయి వాలిపోతే అది కుళ్లు తెగులు, తడి ఎక్కువై వస్తుంది. మన ఎండలకు ట్యాంకు నీళ్లు 30 డిగ్రీలు దాటితే వేర్లకు ఆక్సిజన్ తగ్గి గోధుమ రంగుకు తిరుగుతాయి, దానికీ అమ్మినవాణ్ణి తిట్టి లాభం లేదు. తిట్టాల్సింది ఎండిన పెన్ను, లేబుల్ లేని సీసా, తప్పుడు కాగితం ఈ మూడింటికే.

డబ్బు వాపసు అడిగితే "విత్తనాలు, లిక్విడ్లు రిటర్న్ లేదు" అన్నారు. పెన్ను ఏ లెక్కన లిక్విడో చెప్పమంటే నంబరు బ్లాక్ చేశారు. వాళ్లు తెలంగాణలో, మనం మహారాష్ట్రలో, ఎక్కడని తిరుగుతాం అని చాలామంది వదిలేస్తారు. అక్కర్లేదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం కొన్నవాళ్లు ఉండే జిల్లాలోనే, అంటే చంద్రపూర్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో కూడా మాట్లాడతారు. నేను అక్కడే నమోదు చేయించాను. కొరియర్ డబ్బా విప్పేటప్పుడే వీడియో తీసుకోండి, పెన్ను మూత విప్పి స్పాంజి కూడా కనిపించేలా. యూపీఐ రసీదు, వాట్సాప్ మాటలు చెరపొద్దు, పక్కా బిల్లు ఇవ్వనంటే అసలు కొనొద్దు.

బఫర్ పొడులు నా దగ్గర ఇంకా ఉన్నాయి. రాజురా, బల్లార్షా చుట్టుపక్కల ఎవరికైనా పెన్ను మీద అనుమానముంటే కింద రాయండి, ఆదివారం తీసుకొస్తే కలిసి చూద్దాం.