పొగాకు బేళ్లు మోసిన పాత పికప్: మూడున్నరేళ్ల వాడకం తర్వాత

మాది కావలి. బోరు మోటార్లు ఎత్తడం, దించడం నా పని. ఉదయగిరి, పామూరు, కనిగిరి మెట్ట ఊళ్లలో వారానికి నాలుగు రోజులన్నా తిరగాలి. చైన్ పుల్లీ, ముక్కాలి స్టాండు, కేబుల్ చుట్టలు, పైపులు, వీటికి తోడు ముగ్గురు మనుషులు. ముందున్న చిన్న బండిలో మనుషులు వెనక తొట్టిలో సామాను మీదే కూర్చునేవాళ్లు. ఒకనాడు పామూరు దారిలో గుంటలో పడి పైపుల కట్ట జారి మా కుర్రాడి పాదం మీద పడింది. ఎముక విరగలేదు, అంతే. ఇంటికొచ్చి ఆ బండి అమ్మేద్దామని నిర్ణయించుకున్నాను. అందరికీ సీటు ఉండాలి, వెనక బరువు మోయాలి. అంటే డబుల్ క్యాబిన్ పికప్. కొత్తది నా తాహతుకు మించినది.

కంపెనీ పేరు రాయలేదేమని అడుగుతారు. మా పక్క బొలెరో, టాటా యోధ, అశోక్ లేలాండ్ దోస్త్ పికప్‌లు అన్నీ తిరుగుతాయి. అన్నిట్లోనూ మంచి బండ్లున్నాయి, పాడైన బండ్లున్నాయి. నాకు సాయం వచ్చిన మేస్త్రీ మొదటి రోజే ఒక మాటన్నాడు: "ఏ బండని కాదబ్బయ్యా, యాడ తిరిగిందో అది కనుక్కో." ఈ మూడున్నరేళ్లలో ఆ మాట ఎంత నిజమో ప్రతి రిపేరులో తెలిసొచ్చింది.

మొదట చూసింది అల్లూరు వైపు బండి. కొత్త రంగు, కొత్త సీటు కవర్లు, తళతళలాడుతోంది. మేస్త్రీ రంగు వైపు చూడనేలేదు. గోనెపట్టా పరుచుకుని కింద దూరి, వెనక చక్రాల పైన చాసిస్‌ను, అంటే బండి కింది ఇనుప చట్రాన్ని, స్పానర్‌తో కొట్టుకుంటూ పోయాడు. ఒకచోట ఖంగుమనే శబ్దం పోయి బోలుగా మోగింది, తుప్పు పెచ్చులు ఊడి ముఖాన పడ్డాయి. రొయ్యల టబ్బులు మోసిన బండి అది. ఐసు కరిగిన ఉప్పునీళ్లు తొట్టి సందుల్లోంచి ఏళ్ల తరబడి చాసిస్ మీద కారాయి. ఇంజిను బాగుంటే ఏం లాభం, బరువు మోసేది చాసిస్ కదా.

రెండోది నెల్లూరు అవతల బండి. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవే, రైలు కట్ట కూడా కోసుకుపోయిన సంగతి మా జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు. ఆ తర్వాతి నెలల్లో అమ్మకానికొచ్చిన బండి ఏదైనా నీళ్లలో మునిగిందేమో చూడాల్సిందే. సీటు బెల్టును చివరిదాకా లాగితే, లోపల చుట్టుకుని ఉండే భాగం మీద ఒండ్రు చార కనబడింది. అమ్మేవాళ్లు సీట్లు కడుగుతారు, బెల్టు మొదలు ఎవరూ కడగరు.

మూడోది కందుకూరు దగ్గర పొగాకు రైతు బండి. 2018 మోడల్, 92 వేల కిలోమీటర్లు. చూడ్డానికి అధ్వానం: పొగాకు కాల్చే బ్యారన్‌కు కట్టెలు వేసి వేసి తొట్టి అంతా సొట్టలు, తలుపు గీతలు. కానీ అది మోసింది పొగాకు బేళ్లు, కట్టెలు. పొడి సరుకు, అదీ సీజన్లోనే. కింద చాసిస్ గట్టిగా మోగింది. కమాను పట్టీలు కంపెనీవి ఎన్నో అన్నే ఉన్నాయి. అదనంగా పట్టీలు వేయించి ఉంటే ఓవర్‌లోడు తోలారని గుర్తు. పొద్దున్నే ముందుగా చెప్పకుండా వెళ్లాం, బానెట్ చల్లగా ఉంది, అంటే మాకోసం ముందే స్టార్ట్ చేసి వేడెక్కించలేదు. తాళం తిప్పగానే స్టార్టయింది. ఇంజిను నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే పొగ ఎగదన్నలేదు, ఇంజిను లోపల అరగలేదని గుర్తు. టైరు మీది నాలుగంకెల్లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. ముందు టైర్లు బండితోపాటు వచ్చినవే, ఆ మేరకు ధర తగ్గించమన్నాను. 5 లక్షల 20 వేలకు ఒప్పుకున్నాడు.

కాగితాల దగ్గర మాత్రం తొందరపడొద్దు. బండి పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద సంతకాలే కాదు, ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిందని చూపే ఫారం 35, ఫైనాన్స్ వాళ్ల ఎన్‌ఓసీ చేతికొచ్చాకే డబ్బు మొత్తం ఇవ్వండి. ఆర్సీలో సీట్లు ఎన్నో చూడండి, ఇన్సూరెన్సు ఆ లెక్కకే.

ఇక వాడకం. కొన్న నెలలోనే టైర్లు, బ్యాటరీ, క్లచ్ ప్లేటు మార్చాను. దాదాపు 45 వేలు. డబుల్ క్యాబిన్ కాబట్టి తొట్టి పొట్టి, బోరులోకి దించే 10 అడుగుల కాలమ్ పైపు పట్టదు. క్యాబిన్ మీదికి ఇనుప ఫ్రేము కట్టించాను. సామానుతో హైవే మీద లీటరుకు 12 ఇస్తోంది, మెట్ట దారుల్లో 10. మన నెల్లూరు పుట్టి 850 కిలోలు. ఒక పుట్టి వడ్లు వేస్తే బండి నిమ్మళంగా పోతుంది, ఖాళీగా పోతే మాత్రం వెనక ఎగిరెగిరి నడుము పట్టేస్తుంది. వెనక సీటు నిటారు. పెంచలకోన, భైరవకోన పిల్లలతో హాయిగా తిరిగొచ్చాం. తిరుపతి దాకా వెళ్లినప్పుడు మా అమ్మకు మధ్యలో రెండుసార్లు ఆపాల్సి వచ్చింది. ఇంటి కారు పని కూడా ఇదే చేస్తుందనుకునేవాళ్లు ఒకసారి వెనక సీట్లో గంట కూర్చుని చూడండి.

ఇప్పుడు లక్షా 61 వేల కిలోమీటర్లు దాటింది. దారిలో ఆగిపోయింది ఒక్కసారే, ఉదయగిరి ఘాట్‌కు ముందు ఇంజినుకు గాలి పంపే టర్బో గొట్టం చీలి. అక్కడే రబ్బరు చుట్టి ఊరు చేరాం.

గత ఏడాది నుంచి రొయ్యల గుంటల నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ మోటార్ల పని కూడా పట్టాను. విడవలూరు వైపు పోయొచ్చిన ప్రతిసారీ ఆ రాత్రే కింది భాగం మంచినీళ్లతో కడుగుతున్నాను. అయినా మొన్న వెనక బ్రేకు పైపు మీద, దాని పక్కన చాసిస్ అడ్డపట్టీ మీద అరచేయంత తుప్పు కనబడింది. పైపు మార్పించి, తుప్పు గీకించి ప్రైమర్ కొట్టించాను. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఏటా చేయించాలి, కాబట్టి ఇంకో రెండేళ్లు ఉంచి అమ్ముతాను. కొనడానికొచ్చినవాళ్లకు గోనెపట్టా నేనే పరిచి ఆ చోటు చూపిస్తాను.