తెల్లవారకముందే చార్లెస్ వంతెన మీద

చెక్ రాజధాని ప్రాగ్‌లో మొదటిరోజు మధ్యాహ్నం రెండింటికి చార్లెస్ వంతెన ఎక్కాం. 516 మీటర్లు దాటడానికి ముప్పావుగంట పట్టింది. ముందు గొడుగు ఎత్తిపట్టుకున్న గైడు, వెనక ఆయన గుంపు, పక్కన బొమ్మలు గీసేవాళ్లు. వల్తావా నది కనబడాలంటే పిట్టగోడ దగ్గర ఎవరైనా కదిలేదాకా కాచుకోవాలి. "దీనికోసమేనా ఇంత దూరం తీసుకొచ్చావ్?" అన్నారు అత్తయ్యగారు. మనసు చివుక్కుమంది. ప్రాగ్ ప్రయాణంలో నేను పట్టుబట్టింది ఈ వంతెన కోసమే.

మర్నాడు ఆరున్నరకల్లా మళ్లీ వెళ్లాం. సెప్టెంబరు చివరివారం, ఇంకా మసకచీకటే. పాత పట్టణం వైపు బురుజు కింద నుంచి లోపలికి అడుగుపెడితే వంతెన మొత్తం మీద పదిమంది కూడా లేరు. కింద నీటి చప్పుడు వినబడింది. నిన్న అది ఉన్నట్టే తెలియలేదు. కాసేపటికి వెనక పాత పట్టణం మీద వెలుగొచ్చింది, ఎదురుగా కొండమీది కోట గోడలు లేత గులాబీరంగుకి తిరిగాయి. అత్తయ్యగారు ప్రతి విగ్రహం దగ్గరా ఆగి చూశారు.

ఇక్కడ ఇంతకుముందున్న రాతి వంతెన 1342 వరదల్లో కూలిపోతే, 1357లో రాజు నాలుగో చార్లెస్ దీన్ని మొదలుపెట్టించాడు. శంకుస్థాపన జులై 9 ఉదయం 5:31కి జరిగిందని చెబుతారు. ఏడాది, తేదీ, నెల, గంట, నిమిషాలు వరసగా రాస్తే 1-3-5-7-9-7-5-3-1. నిజమో కాదోగానీ, ముహూర్తం లెక్కలంటే అత్తయ్యగారికి ప్రాణం, దారంతా ఇదే చెప్పుకున్నారు. 1890 వరద దీని కమానుల్నీ కొన్నిటిని కూల్చింది, మళ్లీ కట్టారు. ఒకప్పుడు దీనిమీద ట్రాములు కూడా నడిచాయి. 1965 నుంచి నడిచేవాళ్లకి మాత్రమే.

రెండు పక్కలా కలిపి 30 విగ్రహాలు, శిల్పసముదాయాలు. చాలావరకు నకళ్లే, ఎండావానలకి పాడవకుండా అసలువి మ్యూజియానికి తరలించారు. నేపోముక్ యాన్ అనే క్రైస్తవ మతగురువుది 1683 నాటి కంచు విగ్రహం, అన్నిటికన్నా పాతది. 1393లో అప్పటి రాజు ఆయన్ని నదిలోకి తోయించాడు. పీఠం మీది కంచు పలకలు చేతులు తగిలి తగిలి బంగారంలా మెరుస్తున్నాయి. పగలైతే అక్కడా వరసే. మేం తీరిగ్గా నిలబడ్డాం.

బస గురించి చెప్పాలి. మొదటి రెండు రాత్రులు పాత పట్టణం వైపు, వంతెనకి నాలుగడుగుల దూరంలో ఉన్నాం. గది బాగుంది, కానీ అర్ధరాత్రి దాటినా వీధిలో కేకలే. లిఫ్టు లేదు, మూడో అంతస్తు. తర్వాత రెండు రాత్రులు అవతలి ఒడ్డున మాలా స్ట్రానాకి మారాం. అద్దె కొంచెం ఎక్కువైనా నిద్ర పట్టింది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి నేను అదే చెబుతాను. వీధులన్నీ రాళ్లు పరిచినవే, చక్రాల సూట్‌కేసు లాగడం నరకం. వంతెన మీదుగా సామాను తీసుకెళ్లాలని మాత్రం అనుకోకండి.

డబ్బు దగ్గర ఒక పొరపాటు చేశాం. 'కమిషన్ లేదు' అన్న బోర్డు చూసి వీధిలో ఒకచోట యూరోలు మార్చుకుంటే చేతికొచ్చిన కొరూనాలు (అక్కడి డబ్బు) చాలా తక్కువ. అదృష్టవశాత్తూ అక్కడి చట్టం ప్రకారం మూడు గంటల్లోపు రసీదుతో వెళ్తే మారకం రద్దు చేసుకోవచ్చు. మావారు పరుగున వెళ్లి వెనక్కి తెచ్చారు. ఆ కాగితం పారేయకండి.

కోటకి కొండ ఎక్కలేనివాళ్లకి మాలొస్ట్రాన్‌స్కే కూడలిలో 22వ నంబరు ట్రాము ఉంది. మేం మాత్రం ఆ ఉదయం కోటకి వెళ్లలేదు. వంతెన మెట్లు దిగి కంపా దీవిలో బెంచీ మీద కూర్చుని, పైన జనం చిక్కబడుతుంటే కిందనుంచి కమానులు చూస్తూ తొమ్మిదిదాకా ఉండిపోయాం.